గొంగడి కొప్పెరలో వెలిగిన అంకెలు

వానలు మొదలవగానే ట్రంకుపెట్టెలోంచి మా తాత గొంగడి తీసి దులుపుతాను. తడిగాలి తగలగానే దానిలోంచి గొర్రెబొచ్చు వాసన, దాని అడుగున బీడీ వాసన, ఇంకా అడుగున ఎక్కడో కాలిన వైరు వాసన వస్తాయి. ఆ మూడోది నా భ్రమేనని మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ, ఆ వైరు కాల్చింది నేనే.

పంతొమ్మిదివందల అరవైల్లో మాది ధారూర్. రోజూ రైలెక్కి వికారాబాద్ బడికి పోయేదాన్ని. సీతాఫలాల కాలంలో రైలుడబ్బా నిండా అనంతగిరి పళ్లబుట్టలే. చలికాలం వస్తే ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒడిలో పోసుకుని ఒలుచుకు తింటూ, పొట్టు కిటికీలోంచి పారేస్తూ పోయేవాళ్లం. ఆ చలికాలంలోనే మా బడికీ తాండూరు బడికీ వాలీబాల్ పందెం. ముందటేడు నల్లబల్ల మీది పాయింట్ల లెక్కను ఎవరో చెరిపి తిరగరాశారని ఆట కాస్తా తన్నులాటయింది. చెరిపింది మీరంటే మీరని రెండు ఊళ్లూ ఏడాదంతా తిట్టుకున్నాయి. చెరిపినా చెరగని లెక్క కావాలని నాకు పట్టుకుంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా అమ్మ ఊరికే అనేది కాదు.

అగ్గిపుల్లలతో ఆడుకుంటుంటే, ఏడు పుల్లలుంటే సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకెనైనా పేర్చొచ్చని తెలిసింది. చాయ్‌పత్తా పెట్టె చెక్కలో పుల్లల్లాగే సన్నటి చీలికలు కోసి, ముందు నూనెకాగితం అంటించి, ఒక్కో చీలిక వెనక ఒక్కో బల్బు పెట్టాను. తొమ్మిది దాటితే పక్కన ఒకటిగా వెలగడానికి ఇంకొకటి. జట్టుకు ఎనిమిది బల్బులు. అవన్నీ తాండూరులో బండల లారీ తోలే మా మేనమామ పాత లారీల్లోంచి పీకి తెచ్చినవే. వెనకవైపు మేకులు, నూనెడబ్బా రేకు ముక్కలు. రేకును మేకు మీదికి జరిపితే ఆ పుల్ల వెలుగుతుంది. వైర్ల తొడుగు దీపం మీద కాల్చి ఒలిచేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి. ఓ ఆదివారం మామ లారీ బ్యాటరీ తెచ్చాడు. కందుల గది తలుపులు మూసి రేకులు జరిపితే ఎనిమిది అంకె భగ్గుమని వెలిగింది. నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

బడిలో డ్రిల్లు సారు మాత్రం ముందే చెప్పేశాడు. “సూడు పిల్లా, మధ్యల ఆగిందంటే నల్లబల్ల పెట్టిస్త. నువ్వు లేసి మూలకు కూసోవాలె.”

పందెం నాడు తాత తోడొచ్చాడు, భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట. మామ బ్యాటరీ దించి పోయాడు. తాండూరు మైదానంలో బోర్డు నిలబెట్టి రేకులు జరిపాను. ఏమీ కనబడలేదు. కన్ను ఆనించి చూస్తే బల్బులు వెలుగుతూనే ఉన్నాయి! మిట్టమధ్యాహ్నపు ఎండ వాటిని మింగేసింది. చీకటి గదిలో చూసుకుని మురిసిన దాన్ని, ఆట ఎండలో ఆడతారన్న సంగతే మరిచాను. సారు నల్లబల్ల తెమ్మని కేకేశాడు.

తాత వంక చూశాను. వానకు కప్పుకున్నట్టే ఎండకూ గొంగడిని కొప్పెరగా మడిచి నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. ఆ నల్లటి గూటిలో ఆయన బీడీ నిప్పు అంత ఎండలోనూ ఎర్రగా కనబడుతోంది.

“తాతా, గా గొంగడియ్యి!”

“ఏంజేస్తవ్ బిడ్డా?”

“బోర్డుకు మేకులు కొడ్త.”

మమ్మల్ని ఆ గొంగడి మీద కాలు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నెత్తి మీంచి తీసి ఇచ్చి, “కొట్టు” అన్నాడు. రెండు కర్రలు ముందుకు కట్టి, బండముక్కతో నాలుగు మేకులు కొట్టి, బోర్డుకు కొప్పెర వేశాం. ఆ నీడలో అంకెలు నిప్పుల్లా తేలాయి. సారు నల్లబల్ల ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆఖరి ఆట. తాండూరుకు పద్నాలుగు, మాకు పదమూడు. మావాడు కొట్టిన బంతి నెట్‌కు తగిలి మావైపే పడింది. “ఎయ్యకే పిల్లా, జర ఆగు!” అని మావాళ్లు అరిచారు. నా చెయ్యి ఆగింది కూడా. కానీ చెరగని లెక్క కావాలన్నది నేనే కదా! ఏడుస్తూనే రేకులు జరిపాను. పదిహేను, ఆట తాండూరుదే. రెండు జట్లూ బోర్డు వంక చూశాయి. ఆ ఏడు ఎవరూ కొట్టుకోలేదు.

ఇప్పుడు ఆ మైదానం నిండా బండల పాలిష్ మిషన్లు. చెక్క చాయ్‌పత్తా పెట్టెలు లేవు, గొంగళ్లు నేసేవాళ్లూ లేరు, నా బోర్డును చెదలు ఎప్పుడో తిన్నాయి. గొంగడికి మాత్రం మేకులు పడ్డచోట, గాలికి చిరిగి వేలు దూరేంతయిన నాలుగు చిల్లులున్నాయి. అమ్మ సూదీదారం తీస్తే తాత కుట్టనియ్యలేదు. “ఉండనియ్, గవి నా బిడ్డ కొట్టిన మేకులు” అన్నాడు. బతికినన్నాళ్లూ ప్రతి వానకూ ఆ చిల్లుల్లోంచి నీళ్లు ఆయన నెత్తిన పడుతూనే ఉన్నాయి.