తిట్టినకొద్దీ పెరిగిన దుమ్ము

మా కోడలు తన పై అధికారి నోరు మూయించి, ప్రపంచంలోని ఫోన్లన్నిటినీ కాపాడింది. అన్నీ అంటే అన్నీ కాదులెండి. నిజం చెప్పమని కాన్వెంటులో సిస్టర్లు స్కేలుతో కొట్టి మరీ నేర్పారు కనుక, కొన్ని వేల ఫోన్లు అనుకోండి. నోరు మూయించడంలో మాత్రం వీసమెత్తు తగ్గించను.

ఆమె పనిచేసే కార్ఖానాకు సొంత చిప్పు అంటూ ఒక్కటీ లేదు. దర్జీ కొట్టు లాంటిది. ఎవరెవరో ఫోన్ల చిప్పులకు నమూనాలు గీసి పంపుతారు; వీళ్లు పళ్లెమంత సిలికాన్ బిళ్లల మీద వాటిని చెక్కి ఇస్తారు. కంటికి కనబడని నలుసు పడినా అక్కడి చిప్పు చచ్చినట్టే. అందుకే లోపల అందరికీ కళ్లు తప్ప ఒళ్లంతా తెల్ల ముసుగు. గోడకు, గాలిలోని దుమ్ము లెక్క చూపే మీటరు.

ఆ సోమవారం నుంచి మీటరు ఎగరడం మొదలుపెట్టింది. అదీ మా కోడలి షిఫ్టులోనే. గురువారం నాలుగింటికి ఆర్డరిచ్చిన ఆసామి తనిఖీకి వస్తాడు. అప్పటికి లెక్క దిగకపోతే ఆర్డరు ఇంకో కార్ఖానాకి, మా కోడలు ప్యాకింగు గదికి. తొమ్మిదేళ్ల పనితనం అట్టపెట్టెల పాలు.

ఇంట్లో ఆమె కుదురుగా కూర్చుంటే ఒట్టు. పౌడరు మానేసింది, కాటుక మానేసింది, రోజుకు రెండుసార్లు తలంటుకుంది. మావాడు దుప్పటి దులిపితే కస్సుమంది. అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయేది.

గురువారం మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏమ్మా, పౌడరు డబ్బాలో పడి లేచొచ్చావా?"

"కాటుక కూడా మానేశాను సార్."

"మరి దుమ్మెక్కడిది? నా నెత్తిమీంచి రాలిందా?"

పక్క మెషీను దగ్గరి స్నేహితురాలు గొణిగింది: "ఏడవకే తల్లీ. కన్నీళ్లలో ఉప్పుంటుంది, అదింకో కేసవుతుంది."

ఏడుపు ఆపుకోవడానికి మా కోడలు మీటరు వైపు తిరిగింది. ఆయన తిడుతున్నకొద్దీ అంకె పైకి పాకుతోంది. ఆయన వెళ్లాడు, కాసేపటికి దిగింది. మళ్లీ వచ్చాడు, మళ్లీ ఎక్కింది. టైము మూడున్నర.

సిగరెట్టు తాగినవాడి ఊపిరిలో చాలాసేపు పొగ నలుసులు వస్తూనే ఉంటాయట. తాగితే నీళ్లు తాగి, అరగంట ఆగి లోపలికి రావాలని అక్కడి నియమం. తలుపు మీద ఆ బోర్డు పెట్టించింది ఈయనే. కానీ తనిఖీ అనగానే ఆయనకు కంగారు, మీటరు ఎక్కితే ఇంకా కంగారు, కంగారుకు సిగరెట్టు, అదవగానే పరుగున వచ్చి తిట్లు.

"సార్, ఇప్పుడు సిగరెట్టు తాగొచ్చారా?"

"అంటే... ఒక్కటే!"

"అయితే బయటికెళ్లి తిట్టండి సార్. ఇంటర్‌కమ్ ఉందిగా, తనివితీరా తిట్టండి. వింటాను."

ఆయన ఏదో అనబోయాడు.

"వద్దు సార్, నోరు తెరవకండి!" అంది స్నేహితురాలు. "మిగతా ఊపిరి కూడా బయటికెళ్లాకే వదలండి."

ఆయన బుగ్గలు పూరించుకునే వెళ్లాడట. నాలుగింటికి ఆసామి వచ్చేసరికి మీటరు బుద్ధిగా కిందికి దిగి కూర్చుంది. ఆర్డరు నిలిచింది. మా కోడలు తన మెషీను దగ్గరే నిలిచింది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. మొహంలో చిన్న గీత కూడా కదలలేదు.

"శుద్ధ అబద్ధం మామయ్యగారూ. మా సూపర్‌వైజరుగారు జన్మలో సిగరెట్టు ముట్టలేదు. ఆ గురువారం నేను సెలవులో ఉన్నాను. అసలు మా దగ్గర అలాంటి మీటరే లేదు," అంది, మానేసిన కాటుక మళ్లీ దిద్దుకుంటూ.