నేను మూయని పేజీ

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మా ఆఫీసులో ఎవరికీ తెలుగు చదవడం రాదు, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. ఒప్పుకునేటప్పుడు కూడా దాక్కోవడమేనా? అవుననుకుంటాను. మీరు మాత్రం చదవండి.

కోయంబత్తూరులో మొబైల్ యాప్‌లు తయారుచేయడం నా పని. నా దగ్గర పనికొచ్చే కోడ్ ముక్కలు చాలా ఉండేవి. ఫోన్ నంబరు సరిచూసేది ఒకటి, నెట్ పోతే మళ్లీ కలిపేది ఒకటి, మనిషి ఎక్కడున్నాడో మ్యాప్ మీద చుక్కగా చూపేది ఒకటి. కొత్త పని రాగానే వాటిని తెచ్చి అతికించేవాణ్ణి. చేయి తిరిగినవాడని పేరొచ్చింది.

తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీ, తమ దగ్గర పనిచేసే ఆడవాళ్లను తీసుకొచ్చే వ్యాన్లకు యాప్ అడిగింది. ఎవరు ఏ స్టాపులో ఉన్నారో డ్రైవరుకు తెలియాలి. పరీక్ష కోసం నేనొక పేజీ పెట్టాను. ఫోన్ నంబరు కొడితే చాలు, ఆ మనిషి చుక్క కనిపిస్తుంది. పాస్‌వర్డ్ లేదు. లింకును డ్రైవర్ల గ్రూపులో వేశాను. యాప్ విడుదలయ్యాక ఆ పేజీ మూసేయాలి. మూయలేదు. మరిచిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి గుర్తుంది. ఏదైనా తేడా వస్తే చూసుకోవడానికి సులువుగా ఉంటుందని వదిలేశాను.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం సరోజ అనే ఆమె మా ఆఫీసుకొచ్చింది. అదే కంపెనీలో కుట్టుమిషను మీద పని. నేను మా అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడటం విని, "మీరూ మనవాళ్లేనా సార్?" అంది. ఆ ఒక్క దానితోనే ఆమెకు నా మీద నమ్మకం కుదిరింది. భర్తను వదిలి హాస్టల్లో ఉంటోందట. అతను ఇదివరకు ఆ కంపెనీకి వ్యాను తోలినవాడు.

"నేను యాడ దిగినా ముందే వచ్చి నిలబడి ఉండాడు సార్. స్టాపు మారిస్తిని. ఆడా ఉండాడు. నాకు బయమా ఉంది. మీ యాపు ఆయనకు చెప్తా ఉందా?"

"ఒక్క నిమిషం ఉండమ్మా" అని ఆమె నంబరు అడిగి, కంప్యూటరు వైపు తిరిగి ఆ పేజీ తెరిచాను. ఎవరు ఎప్పుడు చూశారో అందులో చిట్టా ఉంటుంది. ఒకే ఫోన్ నుంచి, రోజుల తరబడి, ఆమె నంబరే కొట్టారు. చివరిసారి కొట్టి పది నిమిషాలు కూడా కాలేదు. చుక్క మా ఆఫీసు మీదే ఉంది.

తెరను ఆమెకు కనపడకుండా పక్కకు తిప్పాను.

"లేదమ్మా, అట్ల కుదరదు. డ్రైవరుకు తప్ప ఎవరికీ కనపడదు" అన్నాను.

"సరి సార్. మీరు చెప్తే సరి." లేచి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగేలోపే పేజీ తీసేశాను. చిట్టా చెరిపేశాను. ఇక దారి మూసుకుపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ పని అయ్యాక ఆ చుక్క రోజూ ఎక్కడికెళ్లి ఆగుతోందో అతను ఎప్పుడో చూసేశాడు. హాస్టలు ఎక్కడో అతనికి తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. "ఇంక ఆ హాస్టలుకు పోవద్దు తల్లీ" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఉద్యోగం పోతుందనా? అప్పుడే నన్ను టీముకు పెద్దను చేశారు, ఆ పేరు పోతుందనా? ఇంత చిన్న కారణానికి మనిషి అంత పని చేస్తాడా? చేశాను.

నాలుగో రోజు పొద్దున హాస్టలు గేటు దగ్గర అతను కత్తితో ఆమె మీద పడ్డాడు. ప్రాణం దక్కింది. అడ్డం పెట్టిన కుడిచేతి వేళ్లు మూడు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. కుట్టుపని పోయింది. అతన్ని జైల్లో పెట్టారు. యాప్ సంగతి ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఏడాదిపాటు ఫోను మోగినప్పుడల్లా వణికాను. ఎవరూ అడగరని తెలిశాక ఇంకా భయమేసింది.

కిందటి నెల పోదనూరు స్టేషన్లో ఆమె కనిపించింది. ఎడమచేత్తో జామకాయలు కోసి ఉప్పూకారం చల్లుతోంది. తప్పుకుని పోబోయాను. తనే పిలిచింది.

"బాగుండారా సార్? ఆ పొద్దు నన్ను కూర్చోబెట్టి నా మాట ఇన్నది మీరొక్కరే."

కాగితంలో జామకాయ ముక్కలు పెట్టి నా చేతికిచ్చింది. తీసుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. రైలు వచ్చింది, ఎక్కేశాను.

ఆమె మాట విన్న సంగతి నిజమే. విన్నాను, తెర మీద కళ్లారా చూశాను, అయినా లేదన్నాను. ఎవరినీ క్షమించమని అడగడం లేదు. చూసి కూడా లేదన్నానని ఇంతవరకు నాలో నేనైనా పూర్తిగా అనుకోలేదు, ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ మాత్రం కూడా నాకు దక్కాల్సింది కాదేమో.