చేతికెంత యర్రయ్య

యర్రయ్యకి ఏ అంకె చెప్పినా సగం మాట చెప్పినట్టే. "సరే, సేతికెంత?" అని అడిగి మిగతా సగం రాబట్టేదాకా అక్కణ్ణించి కదలడు.

జీతం గురించి ఎవరైనా అడుగుతారు. యర్రయ్య చేపని కూడా వదలడు. సింగపూర్ మార్కెట్లో చైనీస్ ఆంటీ కిలోన్నర చేపని తూచి చూపిస్తే, తలా తోకా పొలుసూ తీసేశాక చేతికెంతొస్తుందో చెప్పమంటాడు. మేనల్లుడు దీపక్ బెడోక్‌లో వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్ కొంటే గృహప్రవేశానికి టేపు పట్టుకెళ్ళాడు. గోడల మందం తీసేశాడు, తలుపులు తెరుచుకునే మేర తీసేశాడు, ఏసీ డబ్బా కింద ఎవరూ కూర్చోరని అదీ తీసేశాడు. "నీ సేతికి ఏడొందల ముప్పై రా" అని తేల్చి, పాయసం తాగి వచ్చాడు. దీపక్ భార్య ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలేదు.

"ఆర్నెల్లంటారు గానీ, పండగలు తీసేస్తే సేతికి ఐదే" అన్నాడు యర్రయ్య.

ఈ కథలన్నీ సత్యవాణికి కంఠతా వచ్చు. వుడ్‌ల్యాండ్స్‌లో ఆఫీసు కుర్చీలు బాగుచేసే వర్క్‌షాపులో జీతాల చీటీలు తయారుచేసేది ఆవిడే. పన్నెండు మంది పనివాళ్ళు. పదకొండు చీటీలు పది నిమిషాల్లో పంచేసేది. పన్నెండోది యర్రయ్యది. దానికి అరగంట.

"ఇదేటమ్మా, ఇక్కడ కోశారు?"

"సీపీఎఫ్ అంకుల్. ముసలితనానికి దాచేది. ఆ డబ్బు మీదే."

"నాదే. ముసిలోడినయ్యాక ఇస్తారు. అరవై మూడొచ్చినా ఇంకా అవలేదంట. మరి ఈ ఏడు డాలర్లు?"

"మన ఇండియన్ల నిధికి."

"మంచిదే. ఇన్‌కం టాక్సో?"

"మీకు పడదు అంకుల్. ఏటా ఉత్తరం వస్తుందిగా, సున్నా అని."

"ఫ్రేం కట్టించాను లా. నా సేతికెంతో ఈ ఊళ్ళో సర్కారుకొక్కదానికే సరిగ్గా తెలుసు" అనేవాడు, మాటకి సింగపూర్ వాళ్ళ 'లా' తగిలించి.

మనిషి ఇలాంటివాడని ఆయన పనిని తక్కువ చెయ్యడానికి లేదు. కుర్చీని తలకిందులు చేసి ఓసారి తిప్పాడంటే, ఆ కిర్రుమన్న చప్పుడుని బట్టి ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. ఆయన రెక్సిన్ లాగి తొడిగిన సీటు మీద ముడత వెతికి పట్టుకున్నవాళ్ళు లేరు. ఒకటే లోపం, నడుం నొప్పి. అదీ విచిత్రమైన నొప్పి. శనివారం ఓవర్‌టైం ఉందని తెలియగానే పట్టేసేది, సోమవారం పొద్దున్న వదిలేసేది.

"మీ నడుముకి క్యాలెండర్ తెలుసా అంకుల్?" అనేది సత్యవాణి, ఆ శనివారం ఆయన బదులు వేరేవాళ్ళ పేరు రాసుకుంటూ.

ఈ మధ్యనే వర్క్‌షాపు చేతులు మారింది. కొత్త యజమాని భరద్వాజ్ హైదరాబాదులో పదిహేనేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో మునిగి తేలినవాడు. మంచివాడు, కాకపోతే మంచి పని చేసేముందు దానికో బ్యానరు కట్టించేవాడు. ఒకరోజు అందర్నీ నిలబెట్టి, కేకు కోసి, గౌరవం గురించీ మానవత్వం గురించీ ఇరవై నిమిషాలు మాట్లాడి, చివర్లో అసలు సంగతి చెప్పాడు. చట్టం చెప్పకపోయినా, ఎవరూ అడగకపోయినా, తన కంపెనీలో పనివాళ్ళందరికీ బతకడానికి సరిపడా జీతం ఇస్తాడట. మనిషికి కనీసం మూడువేల రెండొందల డాలర్లు.

చప్పట్లు మోగాయి. వాటి వెనకాల, తలకిందులైన కుర్చీ పక్కనుంచి ఓ గొంతు లేచింది.

"శానా సంతోషం బాస్. సేతికెంత?"

"అంకుల్, ఇది నంబర్ కాదు, విలువలు! ఫిలాసఫీ!"

"అదే బాస్. ఆ ఫిలాసఫీ సేతికెంతొస్తాది?"

ఫోటోగ్రాఫరు నవ్వమన్నాడు. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, ఇద్దరు తప్ప. ఒకరు యర్రయ్య, స్క్రూడ్రైవరుతో. రెండో మనిషి సత్యవాణి. కొత్త జీతాల లెక్క ఆవిడకి ముందురోజే అందింది మరి.

భరద్వాజ్‌ది మోసం కాదు, అలవాటు. హైదరాబాదు కంపెనీల్లో జీతం ఎంతంటే, ఉద్యోగి కోసం కంపెనీ పెట్టే ఖర్చంతా కలిపి చెబుతారు. ఆయనా అలాగే చెప్పాడు. కంపెనీ తన వంతుగా కట్టాల్సిన సీపీఎఫ్‌ని కూడా ఆ మూడువేల రెండొందల్లోనే కలిపేశాడు. అది తీస్తే అసలు జీతం రెండువేల ఏడొందల ముప్పై ఐదు. అందులోంచి పనివాళ్ళ వంతు సీపీఎఫ్, ఆ ఏడు డాలర్లు పోతే చేతికి రెండువేల నూట ఎనభై ఒకటి. సింగపూర్లోనే ఏళ్ళుగా పనిచేస్తున్న వాళ్ళకి ఈ లెక్క కలలోకి కూడా రాదు. జీతమంటే వాళ్ళకి జీతమే, కంపెనీ కట్టేది దానికి పైన.

సత్యవాణి ఆ లెక్క కాగితం సొరుగులో పెట్టేసింది. కేకు తిన్న నోటితో లెక్క చెప్పడం బాగుండదనుకుంది. మూడురోజులు యర్రయ్య ఆవిడ వెంట పడ్డాడు, లిఫ్టులో, లంచ్‌లో, టీ దగ్గర. "సేతికెంతమ్మా?" "చీటీ వస్తుందిగా అంకుల్." "చీటీ తరవాత. సేతికి?"

నాలుగోరోజు సీటు కవర్లు కుట్టే కుమారమ్మ ఓ కాగితం పట్టుకొచ్చింది. పగలంతా ఇక్కడ కుట్టి, సాయంత్రం హాకర్ సెంటర్ తిండి కొట్లలో ప్లేట్లు కడిగే మనిషి ఆవిడ.

"అమ్మా, ఇంగ్లీషులో ఓ లెటర్ రాసిపెట్టు. ప్లేట్ల పని మానేస్తన్నాను. కొత్త జీతంలో కోతలు పోను రెండువేల ఐదొందలు పైనే సేతికొస్తాది కదా, సాలు. నా పిల్ల రోజూ రాత్తిరి కూడు ఒక్కతే మకాన్ సేస్తంది, నాలుగేళ్ళ నించి. ఇక దాంతో కూచుని తింటాను."

సత్యవాణి పెన్ను తీసుకుంది. 'డియర్ సర్' దగ్గర ఆగిపోయింది. "రేపు రాద్దాం ఆంటీ" అని తిన్నగా వర్క్‌షాపులోకి నడిచింది.

"రెండువేల నూట ఎనభై ఒకటి అంకుల్" అంది.

యర్రయ్య అరవలేదు. బల్ల మీద సుద్దముక్కతో లెక్క వేసుకున్నాడు. తర్వాత వెళ్ళి, బాగుచెయ్యమని పంపిన భరద్వాజ్ కుర్చీని ముందుకి లాక్కున్నాడు.

మర్నాడు కుర్చీ యజమాని గదికి చేరింది. కొత్త రెక్సిన్, ముడత లేదు, చప్పుడు లేదు. సీటు ఎత్తు నలభై ఎనిమిది సెంటీమీటర్లని చీటీ కూడా వేలాడుతోంది. భరద్వాజ్ ముచ్చటపడి కూర్చున్నాడు. కూర్చుంటూనే ఉన్నాడు, చాలా కిందికి. చివరికి బల్ల మీద గడ్డం, గడ్డం మీద కోపం మిగిలాయి.

"అంకుల్! ఏంటిది? ఫార్టీ ఎయిట్ అన్నారు?"

"నలభై ఎనిమిదే బాస్. సెక్కపెట్టె మీద పెట్టి కొలిసాను."

"పెట్టెతో కలిపి కొలుస్తారా ఎవరైనా?"

"పెట్టె కంపెనీదే కదా, కలిపేసాను. కూకునేవోడికి ముప్పై మూడు. మీరు సెప్పిన మూడువేల రెండొందలు మా సేతికొచ్చేసరికి ఎంత తగ్గిందో, కుర్చీ ఎత్తూ అంతే తగ్గించాను. పని కచ్చితంగానే సేసాను, కొలుసుకోండి."

భరద్వాజ్ గుమ్మంలో నిలబడ్డ సత్యవాణి వైపు చూశాడు. ఆవిడ లెక్క కాగితం ఆ బల్ల మీదే పెట్టింది, సరిగ్గా ఆయన ముక్కు ముందు. చదవడానికి ఆయన వంగాల్సిన అవసరం కూడా లేకపోయింది.

అక్కడే, ఆ ఎత్తులోనే, కాగితం చివరి అంకె దాకా చదివాడు.

"మా దగ్గర అందరూ ఇలాగే చెప్తారండీ" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో. "వాళ్ళు త్రీ థౌజండ్ టూ హండ్రెడ్ అంటే జీతమనే అనుకున్నారా?"

"కుమారమ్మ రెండో పని మానేస్తంది బాస్, మీ మాట నమ్మి."

రిసెప్షన్లో పెడదామనుకున్న చేపల తొట్టి ఆర్డరు ఆ మధ్యాహ్నమే రద్దయింది. మూడువేల రెండొందలు జీతమైంది, కంపెనీ వంతు పైన పడింది. చేతికి రెండువేల ఐదొందల యాభై మూడు. కుమారమ్మ లెటర్ సత్యవాణి దస్తూరీలో హాకర్ సెంటర్‌కి వెళ్ళింది. ఈసారి కేకు లేదు, బ్యానరూ లేదు. ఎదురైన వాళ్ళందరితో భరద్వాజ్ మాత్రం "తొట్టి పోయింది, ఇంకా నా చేతికెంత మిగుల్తుందో!" అంటూ తిరిగాడు. యర్రయ్య జబ్బు అంటుకుందన్నారు.

కొత్త జీతాలు ఎక్కించడానికి సత్యవాణి పాత ఓవర్‌టైం రిజిస్టరు తెరిచింది. యర్రయ్య నడుం పట్టిన శనివారాలన్నీ ఎర్ర సిరాతో వరసగా కనిపించాయి. వర్క్‌షాపులోనే పనిచేసే నిఖిలకి భర్త ఆస్పత్రిలో ఉన్న నెలలో నాలుగు, నాలుగూ నిఖిల పేరునే. కుమారమ్మ కూతురు కాలేజీలో చేరిన నెలలో ఐదు, ఐదూ కుమారమ్మ పేరునే. ప్రతిసారీ ఆ ముందువారంలోనే ఈయన వాళ్ళని పట్టుకుని "సేతికెంత?" అని విసిగించిన సంగతి కూడా ఆవిడకి గుర్తొచ్చింది.

శనివారం పొద్దున్న ఏదో కాగితం మర్చిపోయానని ఆవిడ యూ టీలోని ఇంటి నుంచి వచ్చేసరికి, యర్రయ్య పాట పాడుకుంటూ రెండు కుర్చీలు ఒకేసారి భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాడు.

"నడుం ఎలా ఉంది అంకుల్?"

"తగ్గిపోయిందమ్మా. అందరి జీతాలూ పెరిగినాయి కదా" అని నాలిక కరుచుకుని, కుర్చీలు దించాడు. "నీకూ పెరిగింది కదా? సేతికెంత?"

"నేను ఆఫీసు మనిషిని కదా అంకుల్. లిస్టు రాసింది నేనే, అందులో నా పేరు లేదు. ఎప్పుడూ ఉండేదే."

యర్రయ్య ఆవిడ మొహంలోకి చూశాడు. కుర్చీలకేసి చూశాడు. మెల్లిగా ఓ చెయ్యి నడుం మీద వేసుకున్నాడు.

"అబ్బ! మళ్ళీ పట్టేసినట్టుందమ్మా. వచ్చే శనివారం నట్లూ బోల్టులూ సైజుల వారీగా ఏరాలి. ఓవర్‌టైం. నీకు లెక్కలొచ్చు కదా లా?"