ఐదు కంటైనర్లు, శివారు నీళ్ళు

నేను కంప్యూటరు ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. తెనాలి గ్రంథాలయంలో నేర్చుకున్నాను. దుగ్గిరాలలో పసుపు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా ఉద్యోగం. సాయంత్రం తెనాలిలో రైలు దిగాక ఇంటికి పోకుండా నేరుగా గ్రంథాలయానికి పోయి, ఫ్యాను కింద బల్ల దొరికితే గంటన్నర చదువుకునేవాణ్ణి. అక్కడున్న కంప్యూటరు పుస్తకాలు పదికి మించవు. పదీ పూర్తిచేశాను. తర్వాత భూగోళం, ఓడల ప్రయాణాలు, గడియారాల చరిత్ర, ఏది చేతికొస్తే అది. నాకు తెలిసిందంతా నేనే సంపాదించుకున్నానన్న గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది. ఆ గర్వంతో ఒక మనిషిని ఎలా చిన్నబుచ్చానో, ఆ తర్వాత ఏం జరిగిందో దాచకుండా రాద్దామని కూర్చున్నాను.

బాపట్లలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరరు ఒకాయన ఉన్నారు. మేమంతా సార్ అనేవాళ్ళం. నెలకో ఆదివారం ఆయన ఇంటి మేడమీది గదిలో కలిసేవాళ్ళం. కాలువ నీళ్ళ వంతులను రైతుల ఫోన్లకు మెసేజ్‌గా పంపే ప్రోగ్రాం ఒకటి ఉంది, దాని పనే మా పని. కాలువలో నీళ్ళు తక్కువైన ఏడు పొలాలకు వంతులు వేస్తారు. ఫలానా రోజు, ఫలానా గంటకు నీ పొలం బోదెలోకి, అంటే పిల్లకాలువలోకి, నీళ్ళు. ఆ గంటకు పొలంలో మనిషి ఉండి గట్టు తెగ్గొట్టి మడవ తీసుకోవాలి. లేకపోతే నీళ్ళు పక్కవాడికి పోతాయి, మళ్ళీ వంతు ఎనిమిది రోజులకు.

మా ప్రోగ్రాం ఓపెన్ సోర్స్. అంటే అందులో రాసిన ప్రతి వరుసా లోకమంతటికీ కనబడుతుంది. ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, మార్పులు పంపవచ్చు. కాని పంపిన మార్పును అసలు ప్రోగ్రాంలో కలిపే అనుమతి మాత్రం ఇద్దరికే ఉండేది. దాన్ని మేం తాళంచెవి అనేవాళ్ళం. ఒకటి సార్ దగ్గర, ఒకటి రేపల్లె అక్క దగ్గర.

ప్రోగ్రాం మొదట రాసింది అక్కే. రేపల్లెలో చిన్న కంప్యూటర్ సెంటర్ పెట్టుకుని పిల్లలకు టైపింగ్ నేర్పేది. నగరం అనే ఊరి దగ్గర, కాలువకు చిట్టచివర శివారులో వాళ్ళకు రెండెకరాలుంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. బస్సులో బాపట్ల వచ్చి, వచ్చిన దగ్గర్నుంచి పోయేదాకా గోడవారగా కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. శివారు పొలాల రైతులు తమ ఫోన్ నంబర్లు మాకిచ్చారంటే అది ఆవిడ ఇంటింటికీ తిరిగి అడిగినందువల్లే.

నాకు ఆ తాళంచెవి కావాలి. దానికి దారి కూడా నాకు తెలుసు. అక్క ప్రోగ్రాం అంతా ఒకే పెద్ద ఫైలు. ఒకచోట ముట్టుకుంటే ఇంకోచోట ఆగిపోయేది. నేను దాన్ని ఐదు చిన్న సర్వీసులుగా విడగొట్టాను. నంబర్లు చూసేదొకటి, వంతుల జాబితా ఉంచేదొకటి, వంతు పడే రోజును, గంటను లెక్కకట్టేదొకటి, మెసేజ్ పంపేదొకటి, కాలువ తూములెత్తే లస్కరు తన ఫోన్ నుంచి వివరాలు నమోదు చేసేదొకటి. ఒక్కొక్కదాన్నీ దానికి కావలసిన సరంజామాతో సహా ఒక పెట్టెలో సర్ది మూసినట్టు సర్దాలి. ఆ పెట్టెనే కంటైనర్ అంటారు. దాన్ని ఏ సర్వర్లో దించినా ఒకేలా పనిచేస్తుంది. గ్రంథాలయం పుస్తకంలోంచి ఆదేశాలన్నీ నోటుబుక్కులోకి ఎత్తిరాసుకుని రెండు నెలలు కష్టపడ్డాను. మంచి పనే చేశాను, ఆ మాట ఇప్పటికీ అంటాను.

రోజు లెక్కకట్టే భాగం విడదీస్తున్నప్పుడు నాకొక తప్పు కనబడింది. సర్వర్ల గడియారాలు మామూలుగా గ్రీనిచ్ టైములో నడుస్తాయి. మన టైము దానికన్నా ఐదున్నర గంటలు ముందు. అక్క గంట చెప్పేటప్పుడు ఆ ఐదున్నరా కలిపింది. రోజు చెప్పేటప్పుడు కలపలేదు. రాత్రి మూడింటి వంతుకు గంట మన లెక్కలోనూ, రోజు గ్రీనిచ్ లెక్కలోనూ పడుతోంది. అది చూడగానే నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అక్కకు ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. ఆదివారం దాకా దాచుకున్నాను.

ఆదివారం సార్ ముందు, ఇంకో నలుగురి ముందు, గోడ మీద తెర వేసి ఆ రెండు వరుసలూ పెద్దవి చేసి చూపించాను.

"అక్కా, గంటేమో ఇండియాలో ఉంది, రోజేమో ఇంగ్లండులో ఉంది. మీ ప్రోగ్రాం పాస్‌పోర్టు ఎప్పుడు తీసుకుందేంటి?"

అందరూ నవ్వారు. సార్ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

"అది అలాగే ఉండాలి తమ్ముడూ," అంది అక్క. "మా వైపు లస్కరు లెక్క..."

"మీ వైపు సూర్యుడు కూడా వేరేనా అక్కా?"

మళ్ళీ నవ్వారు. ఆవిడ ఇంకేదో చెప్పబోయి, పక్కనున్న టీ గ్లాసు అందుకుంది. నేను గ్రీనిచ్ గురించి, రేఖాంశాల గురించి, సముద్రంలో గడియారం లేక దారితప్పిన ఓడల గురించి పావుగంట మాట్లాడాను. ఆ పావుగంటా ఆవిడ చేతిలో టీ గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. చూస్తూ ఇంకా మాట్లాడాను.

చివర్లో సార్ అన్నారు, ఇంతకాలం నువ్వే మోశావమ్మా, ఇకనుంచి తాళంచెవి ఈ అబ్బాయి దగ్గర ఉంటుంది, నీకేదైనా మార్పు తోస్తే పంపుతూ ఉండు అని. అక్క అందుకు ఎదురు చెప్పలేదు. ఒక్కమాట మాత్రం అంది.

"నా మాట మీద నంబర్లిచ్చారు సార్. తేడా వస్తే వాళ్ళు నన్నే అడుగుతారు."

తేడా ఎందుకొస్తుందక్కా, నేను చదివే చేస్తున్నాను గదా అన్నాను.

ఆ సాయంత్రమే బాపట్లలో కూర్చుని ఐదు కంటైనర్లూ సర్వర్లో దించాను. అన్నిటిలోనూ భారత టైము పెట్టాను. అక్క చేత్తో కలిపిన ఐదున్నర గంటల లెక్క కొట్టేశాను. ఒక్కో సర్వీసు నడుస్తోందని తెలిపే ఐదు పచ్చ గుర్తులు తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. సార్ నా భుజం తట్టారు.

వారం తిరక్కముందే అక్క దగ్గర్నుంచి ఒక మార్పు వచ్చింది. రెండే వరుసలు. రోజు లెక్క మళ్ళీ గ్రీనిచ్‌కు మార్చమని. కింద కారణం కూడా రాసింది, శివారులో ఇద్దరికి వంతు తప్పింది, దయచేసి తొందరగా కలపండి అని. నేను కోల్డ్ స్టోరేజీలో భోజనం చేస్తూ ఫోన్లో చూశాను. కారణం మొదటి వాక్యం దాటి చదవలేదు. ఎడమచేత్తోనే తిరగ్గొట్టి, కింద ఇలా రాశాను: "టైము మండలాల గురించి ముందు చదువుకుని ఆ తర్వాత మార్పులు పంపగలరు. రేపల్లెలో కూడా గ్రంథాలయం ఉందని విన్నాను."

అది లోకమంతటికీ కనబడే చోట రాశాను. ఎవరో ఇద్దరు దానికి నవ్వు బొమ్మలు కూడా పెట్టారు.

ఎనిమిది రోజులకు వంతు తిరిగొచ్చింది. అదే ఇద్దరికీ మళ్ళీ తప్పింది. ఈసారి సార్ ఫోన్ చేసి అడిగారు. లస్కరు సరిగా తూము ఎత్తడం లేదేమో సార్, నేనే పోయి చూసొస్తానన్నాను. లస్కరు తప్పు పట్టుకొచ్చి ఆయన ముందు పెట్టాలనే పోయాను.

ఉదయం రేపల్లె రైలెక్కి పోతే అక్క స్టేషన్లో నా కోసం నిలబడి ఉంది. నేను రాసిన మాట గురించి ఏమీ అనలేదు. తన స్కూటీ మీద కాలువ గట్టు దాకా తీసుకుపోయింది. లస్కరు తూము దగ్గర బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. పుస్తకం చూపించమంటే చూపించాడు. సోమవారం పేజీలో మొదటి వంతు తెల్లారి ఐదున్నరకు, తూము ఎత్తే వేళకు. తర్వాత పగలు, సాయంత్రం, రాత్రి పది, పన్నెండు, ఒంటిగంట. పేజీ అట్టడుగున రాత్రి మూడు. అదీ సోమవారమే. తెల్లారాక పేజీ తిప్పి మంగళవారం.

అక్కడ రోజు తెల్లారితే మొదలవుతుంది. మా ఇంట్లో మాత్రం ఎప్పుడు మొదలవుతుంది? తెల్లవారుజామున మూడింటికి లేచిన మా అమ్మ కూడా ఇంకా నిన్నటి రాత్రి అయిపోలేదురా అనే అంటుంది. నేను పుట్టి పెరిగిన లెక్క అది. గ్రీనిచ్‌లో అర్ధరాత్రి దాటి కొత్త రోజు మొదలయ్యే సరికి మనకు సరిగ్గా ఐదున్నర, లస్కరు తూమెత్తే వేళ. అక్క ఆ రెండూ కలుస్తాయని ఎక్కడా చదవకుండా తనంతట తానే కనిపెట్టి, రోజును అలాగే వదిలేసింది. నేను దాన్ని సరిచేశాను. సోమవారం అని పోవాల్సిన మెసేజ్ మంగళవారం అని పోయింది. రైతు మంగళవారం రాత్రి పొలానికి పోతే నీళ్ళు ముందురోజే వచ్చి వెళ్ళిపోయాయి. అర్ధరాత్రి దాటాక పడే వంతులన్నీ శివారువాళ్ళవే కాబట్టి దెబ్బ వాళ్ళకే, అందులోనూ లస్కర్ని అడక్కుండా ఫోనునే నమ్మిన ఇద్దరికీ తగిలింది.

పుస్తకం మూసి లస్కరుకు ఇచ్చేలోపే వంతు తప్పిన పెద్దాయన ఒకాయన గట్టు మీదికి వచ్చాడు. వరి పొట్ట మీద ఉంది. మడి నెర్రెలిచ్చి, ఆకు చివర్లు ఎర్రబడ్డాయి. ఆయన నన్ను చూడలేదు, అక్కనే చూశాడు.

"నీ ఫోను నమ్మి లస్కర్ని అడగడం మానేశానమ్మా. ఆడపిల్ల లెక్క నమ్మొద్దని మావాడు అప్పటికీ చెప్పాడు."

"తప్పైపోయింది బాబాయ్," అంది అక్క.

"తప్పైపోయిందంటే వడ్లు పాలు పోసుకుంటాయా? ఇంకెవరి గడపా తొక్కమాక. ఇంతకీ ఈయనెవరు?"

నేను చెప్పాల్సింది అప్పుడే. నోటిదాకా వచ్చింది కూడా. అక్క నా వైపు చూసింది. చెప్తానేమోనని ఆగింది, బాగానే ఆగింది. నేను చెప్పులకంటిన మట్టి గట్టు రాయికి రాసుకుంటూ నిలబడ్డాను.

"తెనాలి నుంచి వచ్చారు. నీళ్ళు ఎందుకు రాలేదో చూడ్డానికి," అంది.

"చూడనీ," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆవిడ నన్ను స్కూటీ మీద తిరిగి స్టేషన్లో దింపి వెళ్ళిపోయింది. రైలు కదిలాక నేను ఫోన్ తీశాను. ఆవిడ పంపిన మార్పు అలాగే ఉంది, కింద నా వెటకారంతో సహా. దాన్ని మళ్ళీ తెరిచి కలిపితే చాలు, తప్పు నాదని ఒక్క వాక్యం రాస్తే చాలు. అలా చెయ్యలేదు. అవే రెండు వరుసలు నేను కొత్తగా రాసి, నా పేరు మీద కలిపాను. "క్షేత్ర పరిశీలన తర్వాత రోజు లెక్క సవరణ" అని శీర్షిక పెట్టాను. తెనాలి చేరేసరికి సార్ మెసేజ్ వచ్చింది. పుస్తకం చదివినవాళ్ళు చాలామంది ఉంటారు, పొలం దాకా పోయి చూసేవాళ్ళు అరుదు అని మెచ్చుకున్నారు. నేను ధన్యవాదాలు చెప్పాను.

ఆ తర్వాత అక్క బాపట్ల రాలేదు. రెండు నెలలపాటు నేను పెద్దగా పట్టించుకోలేదు. మా నంబర్ల జాబితా చిక్కిపోతోందని మాత్రం చూస్తున్నాను. రోజూ ఇద్దరో ముగ్గురో తమకు మెసేజ్‌లు వద్దని చెప్పి తప్పుకుంటున్నారు. ముందు శివారు ఊళ్ళు, తర్వాత నగరం, తర్వాత పైనున్న ఊళ్ళు. మెసేజ్‌లేమో సరిగ్గానే పోతున్నాయి. ఐదు గుర్తులూ పచ్చగానే ఉన్నాయి. ఎందుకో అర్థం కాక ఆరా తీస్తే తెలిసింది. ప్రోగ్రాం ఎవరైనా తీసుకోవచ్చు గదా, అక్క తన పాత ఒకే ఒక్క ఫైలు తీసుకుపోయింది. కంప్యూటర్ సెంటర్లో ఒక మూల పాత కంప్యూటర్ మీద నడుపుతోంది. ఈసారి ఎవరి గడపా తొక్కలేదట. లస్కరు చేత తన మెసేజ్‌ను పుస్తకంతో పోల్చి గట్టు మీద నలుగురి ముందూ చదివించిందట, రెండు వంతులపాటు. రైతులే వచ్చి నంబర్లిచ్చారు. అక్క బాబాయ్ అన్న ఆ పెద్దాయన ఆ పంట పోగొట్టుకున్నాడు. నంబరు మాత్రం ఆయనా ఇచ్చాడు.

చివరికి మా జాబితాలో ఒక్క నంబరు మిగిలింది. అది అక్కదే. ఆవిడ ఇంకా చూస్తోందన్న ఆశతో ఫోన్ చేశాను. మీ ప్రోగ్రాంను కూడా నేనే కంటైనర్లో పెట్టిస్తాను, ఒకే ఫైలైనా సరే, విడగొట్టను, పాత కంప్యూటర్ ఎప్పుడు పోతుందో తెలియదు గదా అన్నాను. జరిగినదానికి క్షమించమని కూడా అడిగాను. అది చివర్లో అడిగాను.

ఆవిడ అంతా విన్నది. వెనక పిల్లలు టైపు కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

"వద్దండి," అంది. తమ్ముడూ అనలేదు. "మీరు చదువుకున్నవారు. చదువుకోండి. నాకొక్క పని చేసిపెట్టండి చాలు. నా నంబరు కూడా తీసేయండి. ఎన్నిసార్లు వద్దని పంపినా మీ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి."

చూస్తే నిజమే. నంబర్లు చూసే సర్వీసును విడగొట్టినప్పుడు, తాళంచెవి ఉన్న పాతవాళ్ళ నంబర్లు వద్దని మెసేజ్ పంపినా పోకుండా రాశాను. ఇప్పుడు తాళంచెవి ఉన్నవాళ్ళే లోపలికి పోయి తీయాలి. ఆవిడ లైన్లో ఉండగానే తీశాను. తీశానక్కా అన్నాను. మంచిదండి అని పెట్టేసింది.

సర్వర్ ఇంకా నడుస్తోంది. సార్‌కు సంగతి నేను చెప్పలేదు. ఆయన అప్పుడప్పుడూ తెర తెరిచి ఐదు పచ్చ గుర్తులు చూసి, నీ పని గట్టిదయ్యా, ఒక్కరోజు కూడా ఆగలేదు అంటుంటారు.