పంటు కింద ఆకుపచ్చ నీళ్లు

తెల్ల సిమెంటు మీద నీళ్లు పడగానే ఒక వాసన లేస్తుంది. సున్నం వాసన కాదు, మామూలు సిమెంటు వాసనా కాదు. ఎండకి కాలిన గచ్చు మీద మొదటి చినుకులు పడ్డప్పుడు వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది. యానాంలో నేను పనిచేసే టైల్సు కొట్టు ముందర, మేస్త్రీలు నమూనా చూపించడానికి తట్టలో అది కలిపినప్పుడల్లా, గది కొలతలు విని ఎన్ని పెట్టెలు పడతాయో నోటితో చెబుతున్న నేను కాసేపు ఆగిపోతాను. కొనడానికి వచ్చినవాళ్లు లెక్కలో తడబడ్డాననుకుంటారు. ఎనిమిదో తరగతితో చదువు మానేసినదాన్ని, లెక్కలు నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల దగ్గర నా లెక్క తప్పలేదు. ఆగేది తడబడి కాదు. ఆ వాసన వెంట మా పిన్ని వసారా వస్తుంది.

పిన్ని అంటే మా నాన్న తమ్ముడి భార్య. గోదావరి అవతల కోనసీమ వైపు నుంచి పెళ్లికూతురై పంటు మీద మా ఊరొచ్చింది. అప్పటికి వంతెన లేదు. ఎదుర్లంక రేవు నుంచి యానాం రావాలంటే మనుషులు, సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, ఒక్కోసారి కారు కూడా ఆ చదునైన పెద్ద పడవ మీదే దాటాలి. నాన్న, అమ్మ, అన్నయ్య, నేను, మామ్మ, బాబాయి, పిన్ని, ఏడుగురం ఒకే పెంకుటింట్లో ఉండేవాళ్లం. బాబాయికి దరియాలతిప్పలో పడవ ఇంజన్లు బాగుచేసే పని. సాయంత్రం వచ్చేసరికి ఒంటినిండా డీజిలు వాసన, లుంగీ మడతలో వేడి వేరుశనక్కాయలు. వాళ్లకి పిల్లల్లేరు. పొద్దుపోయేదాకా పిన్ని దగ్గర ఉండేదాన్ని నేనే.

పెరటి వసారాలో తూర్పు మూల పిన్నిది. గోడవారన పాలపొడి డబ్బాలు పదకొండు, రంగుకొక డబ్బా. విరిగిన గాజులు, పగిలిన పింగాణీ కప్పులు, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికిన నేలబిళ్లల పెచ్చులు, గోదావరి సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిచ్చిన గవ్వలు, అన్నీ కడిగి ఆరబెట్టి ఏ రంగు ఆ డబ్బాలో వెయ్యాలి. పెళ్లిళ్లయిన ఇళ్లలోనూ తీర్థం ముగిసిన మర్నాడు గాజుల దుకాణాల జాగాలోనూ నేనూ అన్నయ్యా చీపురు పట్టుకుని ముక్కలు ఊడ్చుకొచ్చేవాళ్లం. కాళ్లకి గుచ్చుకునేవి, నోట్లో జీళ్లుండేవి కాబట్టి ఏడ్చేవాళ్లం కాదు. వాటితో పిన్ని తులసికోటలకి పువ్వులు అతికేది, కుండలకి చిలకలు అతికేది, అద్దాల చుట్టూ తీగలు అల్లేది. గాజుముక్కల్ని దీపం సెగకి మెత్తబరిచి కొసకి కొస వంచి మా వీధి ఆడపిల్లలందరికీ గొలుసులు చేసిపెట్టేది. ఎండాకాలం ముంజలు తిన్న చేతులతోనే, చలికాలం తేగలు ఒలుస్తూనే, వాన కురిసినన్నాళ్లూ చూరునీళ్ల చప్పుడు వింటూనే ఆ మూల కూర్చునేదాన్ని. బాబాయి కటింగ్ ప్లేయరుతో పిన్ని గాజుని టిక్కుమని తుంచేది, ఆ వెంటనే ఆమె చేతి గాజులు గలగలమనేవి. టిక్కు, గలగల. ఆ రెండు చప్పుళ్ల మీదే నేను లెక్క నేర్చుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు పిన్ని వీధి గుమ్మం పైన గోడకి ఒక పెద్ద బొమ్మ మొదలుపెట్టింది. మూరెడు ఎత్తు, రెండు మూరల పొడవు చెక్క చట్రం. బొమ్మ ఆమె వచ్చిన పంటుదే. పైన ఆకాశం, మధ్యలో పంటు, దాని మీద తెల్ల పింగాణీతో చేసిన ఒక మనిషి, కింద సగం అంతా గోదావరి. సిమెంటు గట్టిపడిపోతుంది కాబట్టి ఒక పూటకి ఎంత చెయ్యగలదో అంతే కలిపేది. అందుకని చట్రాన్ని బెత్తెడు గళ్లుగా గీసి ఇచ్చాను, నాలుగు వేళ్ల వెడల్పు ఒక గడి. పొడుగునా పన్నెండు, ఎత్తుకి ఆరు. నీళ్లకి ముప్ఫై ఆరు గళ్లు, గడికి నలభై ముక్కలు.

“ఎరుపు బోలెడుంది కదా, వరదనీళ్లు పెట్టేసెయ్,” అన్నాడు బాబాయి.

“నేనొచ్చింది మాఘమాసంలోనండి. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి.”

“నువ్వు నన్ను చూశావా, నీళ్లని చూశావా?”

“మీరు ఇటు తిరిగితే కదా చూడ్డానికి. పంటువాడితో ఇంజను గురించి మాట్లాడుతున్నారు.”

అందుకని నీళ్లు ఆకుపచ్చే. ముప్ఫై రెండు గళ్లు నిండేసరికి ఆకుపచ్చ డబ్బా అడుగంటింది. కుడివైపు కింది మూల నాలుగు గళ్లు ఖాళీ.

ఆ మర్నాడు అట్లతద్ది. ఆడవాళ్లందరం చీకటితోనే లేచి గోంగూర పచ్చడి, ముద్దపప్పు, గడ్డపెరుగుతో అన్నాలు తిని ఉయ్యాలలూగాం. అమ్మ పోసిన అట్ల వాసన, బెల్లప్పాకం వాసన ఇల్లంతా. పిన్ని చేతులు గోరింటాకుతో ఎర్రగా పండాయి, వాటికి బాబాయి పండక్కని కొన్న రెండు డజన్ల ఆకుపచ్చ మట్టిగాజులు. సాయంత్రం అందరం వసారాలో ఉన్నాం. బాబాయి ఖాళీ మూల చూసి, “ఎన్ని తక్కువే లెక్కలమ్మా?” అన్నాడు.

“నాలుగు గళ్లు బాబాయ్. నూట అరవై ముక్కలు.”

అక్కడితో ఆగితే పోయేది. నా కళ్లు పిన్ని చేతుల మీదున్నాయి. “పిన్నికి ఈ చేతికి పన్నెండు, ఆ చేతికి పన్నెండు. గాజుకి ఏడు ముక్కలు. నూట అరవై ఎనిమిదొస్తాయి. ఎనిమిది మిగులుతాయి కూడా,” అన్నాను.

మా ఇళ్లలో చేతి గాజు పగిలిందని కూడా అనరు, చిట్లిందంటారు. మామ్మ చెయ్యి నా నోటి మీద పడింది. “నీ నోరు పడ. పండగపూట ముత్తైదువని పట్టుకుని అవేం మాటలే?”

“పోనీలే అమ్మా. లెక్క అడిగింది నేను, చెప్పింది అది. ఈ కొంపలో ఒకళ్లకైనా లెక్కలొచ్చాయి,” అని బాబాయి నన్ను దగ్గరికి లాక్కున్నాడు. “వచ్చేవారం మెట్టకూరు గాజులామె దగ్గర సంచెడు ముక్కలు తెస్తాను. సరేనా?” పిన్ని నవ్వుతూనే ఉంది కానీ రెండు చేతులూ కొంగు కిందకి లాక్కుంది. అది నేను చూశాను.

వచ్చేవారానికి బాబాయి కళ్లు పచ్చబడ్డాయి. పచ్చకామెర్లన్నారు. పసరు పోయించారు, పథ్యం పెట్టారు, తగ్గలేదని కాకినాడ తీసుకెళ్లారు. తొమ్మిదో రోజు తీసుకొచ్చేశారు. వ్యాను దిగింది బాబాయి కాదు, తెల్లగుడ్డ కప్పిన ఒక పొడుగు ఆకారం.

పదో రోజుకి పుట్టింటివాళ్లు కొత్త గాజులు తెచ్చి వెయ్యాలి, ఆ తర్వాత తీసెయ్యాలి. తెచ్చారు. పిన్ని వేయించుకోలేదు. “ఉన్నవి చాలు,” అందట. తెల్లారకముందే ఏటి ఒడ్డుకి తీసుకెళ్లారు. పిల్లల్ని గదిలో పెట్టి తలుపేశారు. ఎండెక్కాక, ఇంట్లో అందరూ వంటల హడావుడిలో ఉండగా నేను ఒక్కదాన్నే ఒడ్డుకెళ్లాను. ఇసకలో పడున్నాయి. నలిగిన బంతిపూల మధ్య, పసుపు మరకల మధ్య, తడిసి మెరుస్తున్నాయి. గౌను ఒళ్లో ఏరాను.

ఎందుకు ఏరానో నాకు బాగా తెలుసు. లెక్క సరిచూసుకోవాలని. నూట అరవై ఎనిమిది ఉంటే ఇదంతా నా నోటివల్ల జరిగినట్టు, లేకపోతే కానట్టు. మూడుసార్లు లెక్కపెట్టాను. యాభై ఎనిమిదే. రాయికి కొడితే గాజు ఏడు ముక్కలు కాదు, రెండో మూడో అవుతుంది. నా లెక్క తప్పింది, కాబట్టి నేను కాదు అనుకున్నాను. ప్రాణం లేచొచ్చింది. ఆ తేలికలో ఇంటికొచ్చి, వాటిని కడిగి, ఆరబెట్టి, పిన్ని నేర్పిన పద్ధతి ప్రకారం ఆకుపచ్చ ముక్కల్ని ఆకుపచ్చ డబ్బాలో వేసేశాను.

నెల దాటాక ఒక మధ్యాహ్నం పిన్ని వసారాలోకి వచ్చి కూర్చుంది. ఖాళీ అని తెలిసిన డబ్బా కదిపితే చప్పుడైంది. మూత తీసి చూసింది. నా వైపు చూడలేదు. నేను తిరగలి పక్కన గోడకి అంటుకుపోయాను. లోపల్నుంచి మామ్మ వచ్చి డబ్బాలోకి చూసి, అవేవో పోల్చుకుంది.

“ఒద్దమ్మాయ్. అవి ఇంట్లోకి తేకూడదు. ఏట్లో కలిపేసి రా.”

“నా చేతివే కదా అత్తయ్యా. ఎవరివో కావు,” అంది పిన్ని.

మామ్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆ బొమ్మ గోడకెక్కాక ఆవిడ బతికినన్నాళ్లూ వీధి గుమ్మంలోంచి రాలేదు, పెరటి దారినే వచ్చేది, పోయేది.

పిన్ని కటింగ్ ప్లేయరు తీసుకుంది. టిక్కు. నాకు తెలియకుండానే రెండో చప్పుడు కోసం చూశాను. అది రాలేదు. టిక్కు, మళ్లీ టిక్కు, అంతే. నున్నటి చేతులు, గాజులుండే చోట రెండు తెల్లటి చారలు. అన్నీ ఒక్క కొలతకి తుంచి చేటలో పోసి నా ముందుకి జరిపింది.

“ఎన్నున్నాయే?”

లెక్కపెట్టాను. ఈసారి తప్పాలని దణ్ణం పెట్టుకుంటూ లెక్కపెట్టాను. “నూట అరవై మూడు పిన్నీ.” ఐదు నలిగి ఇసకలో పోయి ఉంటాయి.

“నువ్వన్నట్టే సరిపోయాయి,” అంది.

పిన్ని తెల్ల సిమెంటు కలిపింది. ఆ వాసన వసారా అంతా లేచింది. పొద్దుగూకేలోపు ఆ నాలుగు గళ్లూ నిండాయి, గోదావరి పూర్తయింది. మిగిలిన మూడు ముక్కలు పిన్ని గుప్పిట్లో ఉండటం చూశాను, ఏం చేసిందో చూడలేదు. ఆ మాట కోపంతో అందో, నన్ను ఓదారుద్దామని అందో, ఊరికే అందో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆ తర్వాత పిన్ని నన్ను ఎప్పుడూ ఎన్ని అని అడగలేదు. ఇంకా నాలుగేళ్లు ఆ వసారాలో పనిచేసింది. వేళ్ల మీద తనే లెక్కపెట్టుకునేది, తప్పేది, సిమెంటు గట్టిపడ్డాక ముక్కలు చాలక మొత్తం గీకిపారేసేది. పక్కనే కూర్చున్న నేను సరైన అంకె నోట్లో పెట్టుకుని మింగేసేదాన్ని.

తర్వాత పిన్నిని వాళ్ల అన్నయ్య అవతలి ఒడ్డుకి తీసుకెళ్లిపోయాడు. వంతెన వచ్చాక పది నిమిషాల దారి. అయినా అడగాల్సిన మాట ఒకటి ఉండటంవల్ల నేను వెళ్లడం తగ్గించాను. చివరిసారి వెళ్లినప్పుడు ఆమెకి చూపు ఆనడంలేదు. మంచం మీద కూర్చుని నా వేళ్లు ఒకటొకటే తడుముతోంది.

“పిన్నీ, మన పంటు బొమ్మలో నీళ్లకి ఎన్ని ముక్కలు పట్టాయో గుర్తుందా?” అన్నాను. అంతకంటే దగ్గరగా అడగడం నాకు చేతకాలేదు.

“నాకు లెక్కలేం వచ్చే తల్లీ. అవన్నీ నువ్వు చూసుకునేదానివి,” అంది. నా వేళ్లు వదల్లేదు. ఆ చలికాలమే పోయింది.

పోయిన ఏడు మా అన్నయ్య ఆ పెంకుటిల్లు అమ్మేశాడు. కొన్నవాళ్లు మూడంతస్తులు కడతామని టైల్సుకి మా కొట్టుకే వచ్చారు. కొలతలకి నేనే వెళ్లాను. వసారా అప్పటికే లేదు. వీధి గోడ మీద బొమ్మ ఉంది. ఊడదీయడం కుదురుతుందా అని మేస్త్రీని అడిగాను. “రాదమ్మగారూ. గోడలో కలిసిపోయింది. ముట్టుకుంటే ముక్కలే,” అన్నాడు. కాస్త ఆగమని చెప్పి, పరంజా ఎక్కి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ బొమ్మని ఎదురుగా చూశాను. కింద నిలబడి చూసినప్పుడు చూరు నీడలో కనిపించనిది అప్పుడు కనిపించింది. పంటు మీద తెల్ల పింగాణీ మనిషి పక్కన, పాత ముక్కలు పెకలించి, సన్నటి ఆకుపచ్చ ముక్కలు మూడు నిలువుగా పొదిగి ఉన్నాయి. అతని భుజం ఎత్తున, అతనివైపు కాస్త ఒరిగి.

దిగిపోయాను. నా వెనక సుత్తి చప్పుడు మొదలైంది. పెంకులు, సిమెంటు పెళ్లలు, గాజుముక్కలు వీధిలోకి రాలాయి. ఒక్కటి కూడా ఏరలేదు. ఒకసారి ఏరాను, చాలు.

పంటు ఇప్పుడు లేదు. రేవులో మేకల అరుపులు లేవు, పాలపొడి డబ్బాలు లేవు, తీర్థం మర్నాడు చీపుర్లు పట్టుకుని పరిగెత్తే పిల్లలు లేరు. నన్ను లెక్కలమ్మా అని పిలిచే మనిషి లేడు. కొట్టుకి వచ్చిన ఆడవాళ్లు గది కొలతలు చెబుతూ బల్ల మీద చెయ్యి ఆనిస్తారు, గాజులు గలగలమంటాయి. నేను గబుక్కున కాగితం మీదకి తల దించుకుంటాను. ఎవరూ అడగకుండానే లెక్క నోటిదాకా వచ్చేస్తుందని ఇప్పటికీ నాకు భయం.