నర్సరీ నిద్ర, జగిత్యాల చదువు

దూరవిద్యలో బీఎడ్ చదివిన రోజులు నాకు కొంచెం నిద్రమత్తుగానే గుర్తున్నాయి. వారమంతా చందుర్తిలో ఒక ప్రైవేటు బడిలో నర్సరీ పిల్లలతో ఉండేదాన్ని. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కోరుట్లలో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని జగిత్యాలలో క్లాసులకు వెళ్లేదాన్ని. కిటికీకి తల ఆనిస్తే చాలు, మంచులో పసుపు చేలు, మామిడి తోటలు, నా కల, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. ఎక్కడ మెలకువ అయిపోయి ఎక్కడ నిద్ర మొదలైందో తెలిసేది కాదు.

నిజం చెప్పాలంటే నర్సరీ నుంచి బయటపడాలనే ఆ చదువులో చేరాను. ఊళ్లో అందరికీ నేను ‘పిల్లల్ని ఆడిచ్చే మేడం’ని. పెద్ద పిల్లలకు తెలుగు చెప్పాలని, ఒక పద్యం చదివితే తరగతి అంతా నిశ్శబ్దంగా వినాలని నాకు ఆశ.

ఆ ఏడు మా నర్సరీలోకి ఒక పాప వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కుతాడు. పాప బడిలో ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఆకలేసినా, ఎవరైనా కొట్టినా చూస్తూ ఉండేది, అంతే. తల్లిని అడిగితే ఆమె ఆశ్చర్యపోయింది.

“ఇంట్ల అయితే నోరు మూయది మేడం. గీడికస్తెనే ఏమైతదో ఏమో!”

నేను బొమ్మలు చూపించాను, పాటలు పాడాను, బతిమాలాను. “పేరు చెప్పు బిడ్డా” అని రోజూ అడిగాను. పాప నా పెదవుల వైపే చూసేది.

ఒక ఆదివారం జగిత్యాలలో క్లాసు అయ్యాక, మాకు మనస్తత్వశాస్త్రం చెప్పే మేడంతో ఈ సంగతి అన్నాను. ఆమె పెద్దావిడ. టిఫిన్ డబ్బా మూత పెడుతూ నవ్వింది.

“మాట్లాడ్తలేదంటే ఇంటున్నదన్నట్టు. ఊకె అడగకు. పక్కన కూసో, నీ పని నువ్వు చేస్కో.”

అలాగే చేశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు చాపల మీద పడుకునేవారు. ఫ్యాను కిర్రుమంటూ తిరిగేది. పిల్లల చేతుల నుంచి పప్పు వాసన వచ్చేది. నేను ఆ పాప పక్కన గోడకు ఆనుకుని నా పాఠాలు చదువుకునేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. కొన్నాళ్లకు పాప తన చాపను నా వైపు కొంచెం జరుపుకుంది.

ఒక సోమవారం, ముందురోజు ప్రయాణం ఒంట్లోనే ఉందేమో, చదువుతూ చదువుతూ కూర్చున్నచోటే ఒరిగిపోయాను. కలలో నా నర్సరీ పిల్లలందరూ కోరుట్ల బస్సులో ఉన్నారు. బస్సు చెరువు నీళ్ల మీద చప్పుడు లేకుండా పోతోంది. ఎవరూ భయపడటం లేదు. అప్పుడు ఎక్కడో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. ఆ వెంటనే నేను ఎన్నడూ వినని గొంతు ఒకటి, సన్నగా, కోపంగా వినిపించింది.

“సప్పుడు చెయ్యకు! మేడం పండుకున్నది.”

మెలకువ వచ్చింది. నా కాళ్ల మీద చిన్న తువ్వాలు కప్పి ఉన్నట్టు తెలిసింది. కళ్లు తెరిస్తే ఆ గొంతు ఎక్కడ ఆగిపోతుందోనని అలాగే మూసుకుని ఉన్నాను. గ్లాసులు కడిగి తెచ్చిన మా బడి ఆయమ్మ గుమ్మం దగ్గరే ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

“అయ్యో బిడ్డా, నీకు మాటలస్తయా?”

“అస్తయ్,” అంది పాప, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు.

ఆ తర్వాత చాలాసేపు నేను దొంగ నిద్రే పోయాను. కళ్ల కొసల నుంచి నీళ్లు జారుతుంటే ఆయమ్మకు కనపడకుండా కొంగు మొహాన వేసుకున్నాను.

టీచింగ్ ప్రాక్టీసుకు సిరిసిల్లలో ఒక హైస్కూలు ఇచ్చారు. అక్కడ చుట్టూ మరమగ్గాల చప్పుడు. పిల్లలు ఆ చప్పుడు మీద నుంచే మాట్లాడతారు, నేనూ గొంతు పెంచి, ఒక తల్లి గురించిన పద్యం చదివాను. మధ్యలో కరెంటు పోయింది. వీధి వీధంతా ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోనే, పద్యంలో తల్లి ఎందుకు ఏడ్చిందని అడిగాను. ఎవరూ పలకలేదు. అంతకుముందైతే నేనే జవాబు చెప్పేసేదాన్ని. ఇప్పుడు ఊరుకున్నాను. వెనుక కూర్చుని నా పాఠానికి మార్కులు వేస్తున్న ఆ బడి మేడం తల ఎత్తి చూసింది. అయినా ఊరుకున్నాను. కిటికీలోంచి ఎండ బల్లల మీదికి జరిగింది.

“ఎట్లున్నవని ఎవ్వలు అడగలేదు మేడం ఆమెను,” అంది మూడో బల్లలోంచి ఒక అమ్మాయి. ఆ వెనుక ఇంకొకరు, ఆ వెనుక మరొకరు లేచారు. కరెంటు వచ్చి మగ్గాలు మొదలైనా వాళ్లు ఆపలేదు.

బీఎడ్ పాసయ్యాను. మా బడిలోనే ఆరో తరగతికి తెలుగు ఇస్తామన్నారు, తీసుకున్నాను. మధ్యాహ్నం పూట మాత్రం నర్సరీ నాకే ఉంచమని అడిగాను. హెడ్మాస్టరు సార్ నవ్వి, “ఇంత చదువు చదివి మళ్ల పిల్లలను పండవెడ్తవా?” అన్నారు.

అవునన్నాను.