ఐదూ నలభైకి వచ్చే కారు

రత్నరాజు రోజుకి పదకొండు సైలెన్సర్లు వింటాడు. డెట్రాయిట్ పక్కన కార్లకి సైలెన్సర్లు తయారుచేసే ఒక కంపెనీలో అతని పని అదే. అతను అద్దాల గదిలో కూర్చుంటాడు. అవతల గదిలో దిమ్మకి బిగించిన ఇంజను తిరుగుతుంది. గొట్టం చివర మైకు పెడతారు. మీటర్ ముల్లు ఎక్కడ నిలిచిందో అతను కాగితం మీద రాయాలి. 1983 నాటికి ఆ గదిలో అతనికి తొమ్మిదేళ్ళు నిండాయి. ముల్లు చూడకుండానే అంకె చెప్పేవాడు. తప్పితే ఒకటి అటూ ఇటూ, అంతే.

సొంతవూరు పాలకొల్లు. వయసు నలభై రెండు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే భార్య కరుణమ్మ. పిల్లల్లేరు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి నేలమాళిగలో ఏడెనిమిది తెలుగు కుటుంబాలు కూడుకుంటే అక్కడ డోలక్ వాయించేవాడు. తాగడు, పేకాడడు. ఉన్న సోకల్లా పాత కార్లు. అరవైల్లో వచ్చిన రెండు తలుపుల కార్లు, ఒంటికి మించిన ఇంజను ఉన్నవి. మజిల్ కార్లంటారు వాటిని.

ఆ సెప్టెంబరులో, రెండు వీధుల అవతల మిసెస్ నోవాక్ అనే డెబ్బై ఏళ్ళావిడ 1967 నాటి జిటిఓ అనే మజిల్ కారు అమ్మకానికి పెట్టిందని తెలిసింది. ముదురు పచ్చ రంగు. పదకొండేళ్ళుగా గరాజులో టార్పాలిన్ కింద ఉంది. ఆవిడ కొడుకు డేనీది. 1972 ఫిబ్రవరిలో డేనీ ఒక స్నేహితుడి ట్రక్కులో సెయింట్ క్లెయిర్ సరస్సుకి వెళ్ళాడు. గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని, మంచుకి కన్నం వేసి చేపలు పట్టడం అక్కడి చలికాలపు సరదా. మంచు విరిగింది. స్నేహితుడి శవం దొరికింది. డేనీది దొరకలేదు.

“చచ్చినవాడి బండా?” అంది కరుణమ్మ. “చచ్చినవాడి చొక్కా తొడుక్కోరు, చెప్పులు వేసుకోరు. మీరు బండెక్కుతారా?”

“పాస్టర్ గారితో ప్రార్థన చేయించి ఎక్కుతాలే.”

“దొరకనివాడికి ఏవని ప్రార్థన చేయిస్తారండీ?”

అయినా కొన్నాడు. ఇంజను బాగుంది, తోలు సీట్లు బాగున్నాయి. లేనివల్లా వెనక గొట్టాల చివర తొడిగే క్రోమ్ మూతులు, టిప్స్. తుప్పు పట్టాయని ఆ జనవరిలో డేనీ వాటిని ఊడబీకి పారేశాడు. కొత్తవి ఎంచుకునేలోగా ఫిబ్రవరి వచ్చింది. మొండి గొట్టాలతో ఆ కారు వెనక నుంచి చూస్తే ముక్కు కోసిన మనిషిలా ఉండేది.

“పాతవి ఎలా ఉండేవో గుర్తుందామ్మా?” అని అడిగాడు రత్నరాజు, తాళం చెవి తీసుకుంటూ.

“చూడ్డానికి ఎలా ఉండేవో గుర్తులేదు. ఎలా వినపడేవో గుర్తుంది,” అంది మిసెస్ నోవాక్. “ఐదూ నలభైకి షిఫ్టు దిగి వచ్చేవాడు. వీధి మూల తిరిగేటప్పుడు విని, బంగాళాదుంపలు పెనంలో వేసేదాన్ని.”

రత్నరాజు మర్యాదగా నవ్వాడు. టిప్స్ అందానికే గాని శబ్దాన్ని మార్చేవి కావని కంపెనీలో తొమ్మిదేళ్ళుగా వాదిస్తున్నది అతనే. చప్పుడు సంగతంతా లోపలే తేలిపోతుంది, మూతి ఎలా ఉంటేనేం?

“బిగించాక ఒకసారి ఇటు తోలుకురా. నేను చెబుతాను,” అందావిడ.

ఖాళీ గరాజు ముందు ఆవిడ నిలబడ్డ తీరు చూసి అతను ఇంకో మాట కూడా అన్నాడు. పాలకొల్లులో బస్సు దిగే ముసలావిడకి సంచీ అందించేవాడు కూడా ఆ మాట అంటాడు. నన్ను మీ కొడుకే అనుకోండమ్మా. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అన్నాడు. మనవాళ్ళయితే “చల్లగా ఉండు నాయనా” అని అక్కడితో మరిచిపోతారు. మిసెస్ నోవాక్ అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

“సరే,” అంది.

అక్టోబరు ఒకటో తారీకు శనివారం మొదటి జత బిగించాడు. గుండ్రంగా, తిన్నగా ఉండే రకం. చర్చి స్నేహితుడు దైవాశీర్వాదం జాకీ ఎత్తి పెట్టాడు. ఐదూ నలభైకి కారు మూల తిరిగేసరికి మిసెస్ నోవాక్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తల అడ్డంగా ఊపింది. తరవాతి శనివారం రెండో జత, నేలవైపు వంగి ఉండేవి. ఆవిడ ఆపిల్ పళ్ళు చెక్కు తీసుకుంటోంది. తలెత్తి చూడను కూడా లేదు.

“పెళ్ళిచూపులకి కూడా ఇన్నిసార్లు తిరగలేదు గదరా నువ్వు!” అన్నాడు దైవాశీర్వాదం. “ఆవిడెవరో తల ఊపడమేంటి, నువ్వు క్లాంపులు ఊడదియ్యడమేంటి? నీ బండి, నీ ఇష్టం.”

“ఏదీ తేడా ఉండదురా. మూడోది కూడా పెడితే ఆవిడకే తెలుస్తుంది.”

“తెలిసి?”

రత్నరాజు స్పానర్ అందుకున్నాడు.

మూడో జత చివర రెండుగా చీలి ఉండే రకం. ఒక్కో గొట్టానికి రెండేసి మూతులు. పదిహేనో తారీకు బిగించాడు. కారు మూల తిరిగింది. వరండాలో కుర్చీ ఖాళీ. గరాజు తలుపు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో దీపం వెలుగుతోంది. వేయించిన బంగాళాదుంపల వాసన వీధిలోకి వస్తోంది.

అతను కారు గరాజులోకి తోలాడు. ఎందుకు తోలాడో తరవాత కరుణమ్మ అడిగినప్పుడు చెప్పలేకపోయాడు. తలుపు తెరిచి ఉంది కదా అన్నాడు.

“చేతులు కడుక్కో,” అంది మిసెస్ నోవాక్, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండా. “చల్లారిపోతుంది.”

బల్ల మీద రెండు కంచాలు. నేను రాజుని అమ్మా, అని చెప్పాల్సిన క్షణం అదే. అతను చెప్పలేదు. పెద్దావిడ వడ్డించిన కంచం ముందు నిలబడి అడ్డం మాట్లాడడం తల్లి నేర్పిన పద్ధతి కాదు. తిని చెబుదామనుకున్నాడు. తిన్నాక ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసి, “చిక్కిపోయావు,” అంది. అప్పుడూ చెప్పలేదు. బయల్దేరేటప్పుడు తాళం చెవి కోసం జేబులు తడుముకున్నాడు. అది తలుపుకి ఎడమ పక్క మేకుకి వేలాడుతోంది. తనే తగిలించి ఉండాలి. అక్కడ మేకు ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.

సోమవారం కారుని కంపెనీకి తీసుకువెళ్ళి, భోజనం వేళలో మూడు జతలూ మార్చి మార్చి మైకు పెట్టాడు. ఎనభై ఒకటి. ఎనభై ఒకటి. ఎనభై ఒకటి. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. కాని మూడో జతతో ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య సందులో ఏదో ఉంది. ఎవరో మాట్లాడబోయి ఆగినట్టు. టేపు మీద ఎక్కించి మళ్ళీ మళ్ళీ విన్నాడు. టేపులో లేదు. చీలిక మూతులు అలాగే ఉంచేశాడు.

ఆ వారంలోనే కరుణమ్మ ఒక సంగతి గమనించింది. అతను ఇంట్లోకి రాగానే తలుపుకి ఎడమ పక్కన, ఏమీ లేని గోడకి, తాళం చెవి తగిలిస్తున్నాడు. అది నేల మీద పడుతోంది. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోతున్నాడు. రెండుసార్లు ఆమే తీసి బల్ల మీద పెట్టింది. మూడోసారి, “అక్కడ మేకెక్కడుందండీ?” అని అడిగింది. అతను గోడని చూశాడు, చెయ్యి చూసుకున్నాడు, ఏదో పరధ్యానం అన్నాడు.

ఇరవై రెండో తారీకు శనివారం సాయంత్రం అతను కోటు వేసుకుంటుంటే హాల్లో ఎదురైంది.

“ఎక్కడికి?”

“ఇంటికి,” అన్నాడు.

ఆమె రాత్రి డ్యూటీల్లో ఇలా మతి తప్పి మాట్లాడేవాళ్ళని చాలామందిని చూసిన మనిషి. అరవలేదు. “మనిల్లు ఇదేనండీ,” అంది నెమ్మదిగా. అతను తలూపి, వెళ్ళాడు.

బుధవారం ఫోను మోగింది. టొలీడో నుంచి జూన్ అనే ఆవిడ. మిసెస్ నోవాక్ కూతురు. కరుణమ్మే ఎత్తింది. జూన్ గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. అమ్మకి గుండె జబ్బు, ఇంకో చలికాలం ఒంటరిగా ఉండకూడదన్నారు డాక్టర్లు, ఇల్లమ్మి నా దగ్గరకి రావడానికి ఒప్పుకుంది, అందుకే కారు కూడా అమ్మింది. ఇప్పుడు కాగితాల మీద సంతకం పెట్టనంటోంది. డేనీ తిరిగొస్తున్నాడు, వాడొచ్చేసరికి ఇల్లుండాలి అంటోంది. మీ ఆయనే కదూ వెళ్తున్నది? నా మాట వినదు. ఆయన్నే చెప్పమనండి. నెలాఖరు దాటితే కొనేవాళ్ళు వెళ్ళిపోతారు.

కరుణమ్మ ఒక్కమాట మారకుండా భర్తకి చెప్పింది. “ఆ బంగాళాదుంపలు తింటూ కూర్చుంటే ఆవిడ ఈ చలికి ఆ ఇంట్లోనే పోతుంది. పోతే, మీరే చంపినట్టు. తినకముందే చెప్పండి.”

ఇరవై తొమ్మిదో తారీకు అతను కారు తియ్యలేదు. నడిచి వెళ్ళాడు. శబ్దం రాలేదు కాబట్టి వరండా దీపం వెలగలేదు, తలుపు కొట్టాల్సి వచ్చింది. మిసెస్ నోవాక్ తీసింది. అతను గుమ్మంలోనే నిలబడి చెప్పేశాడు. నేను డేనీని కాదు. రత్నరాజుని, ఇండియా వాణ్ణి, మీ కారు కొన్నవాణ్ణి. మీ కొడుకుని అనుకోండి అన్నది మా వైపు మర్యాదకి అనే మాట. క్షమించండి. డేనీ రాడు. మీరు జూన్ దగ్గరికి వెళ్ళాలి.

ఆవిడ మధ్యలో ఆపకుండా విని, లోపలికి రమ్మంది. కుర్చీ చూపించింది. ఏడవలేదు.

“నాకు మతి పోయిందనుకున్నావా? నువ్వు రాజువని నాకు తెలియదా?” అంది. “రంగు చూడలేనా? శనివారం వచ్చేది నువ్వు. పెట్టింది తింటావు, ఉప్పు తక్కువైనా అడగవు. మంచివాడివి.”

రత్నరాజుకి ప్రాణం కుదుటపడింది. “మరి డేనీ వస్తున్నాడని జూన్‌తో ఎందుకన్నారమ్మా?”

“డేనీ గురువారం వస్తాడు,” అంది ఆవిడ. “ఐదూ నలభైకి. ఉప్పు అడుగుతాడు. ఎక్కువ మాట్లాడడు. బట్టలు తడిసి ఉంటాయి, పొయ్యి దగ్గర కూర్చుంటాడు.”

“ఏ కారులో?”

“ఇంకే కారు? పచ్చ కారే. నీ దగ్గర తీసుకున్నాననే చెప్పాడు.”

అతను రెండు వీధులూ నడిచి ఇంటికొచ్చాడు. కరుణమ్మ బట్టలు మడత పెడుతోంది.

“గురువారం నేనెన్నింటికి వచ్చాను?”

“ఏడున్నరకి. ఆ ముందు గురువారం కూడా అంతే. ఓవర్‌టైమ్ అన్నారు కదా.” ఆమె చేతిలో మడత ఆగింది. “చొక్కా కూడా తడిసింది. పార్కింగులో వాన అన్నారు.”

కంపెనీలో ఆగస్టు నుంచి ఎవరికీ ఓవర్‌టైమ్ లేదు. ఆ రెండు గురువారాలు సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా ఎక్కడున్నాడో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాలేదు. మీటర్ ముందు కూర్చోవడం గుర్తుంది. తరవాత తన సొంత గోడ, నేల మీద తాళం చెవి.

అప్పటికప్పుడు దైవాశీర్వాదాన్ని పిలిచారు. అతను వేళాకోళాలేమీ ఆడలేదు. కారు కింద దూరి చీలిక మూతులు ఊడదీశాడు. “గొట్టం లోపలంతా చెమ్మరా,” అన్నాడు బయటికొచ్చి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ. “రెండు రోజులుగా కదల్లేదంటున్నావు?” ఇంజను ఆగాక గొట్టంలో కాస్త నీరు చేరడం మామూలేనని రత్నరాజు చెప్పాడు. కాస్త కాదు, అన్నాడు దైవాశీర్వాదం. బ్యాటరీ తీగ పీకేసి, బ్యాటరీని తన కారు డిక్కీలో పెట్టుకుని పోయాడు. తాళం చెవి కరుణమ్మ తన పర్సులో వేసుకుంది.

నవంబరు మూడు, గురువారం. ఆమె సెలవు పెట్టి, ఐదింటికి కంపెనీ గేటు దగ్గర తన కారుతో నిలబడింది. భర్తని పక్కన కూర్చోబెట్టుకుని తిన్నగా ఇంటికి తోలింది. దారిలో అతను రెండుసార్లు, ఎడమకి తిరగాలి, అన్నాడు. ఆమె తిరగలేదు. ఇంట్లో దీపాలన్నీ వేసి, అతని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అతను చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గోడ గడియారం చూస్తున్నాడు. ఐదూ నలభై అయింది. తలుపు వైపు తల తిప్పాడు, అంతే. లేవలేదు. నుదురంతా చెమట పట్టింది.

ఆరుంబావుకి ఫోను మోగింది.

“డేనీ ఇవాళ రాలేదు,” అంది మిసెస్ నోవాక్. “వంట చల్లారిపోయింది. మీ దగ్గరున్నాడా?”

కరుణమ్మ భర్త వైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు, పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకుంది.

“లేడమ్మా,” అంది. “ఇక రాడు. నేను రానివ్వను.”

అవతల పెనం సింకులో పెట్టిన చప్పుడు వినపడింది.

“అయితే జూన్‌కి ఫోన్ చేస్తాను,” అంది మిసెస్ నోవాక్.

కొనేవాళ్ళు ఇంకా వెళ్ళిపోలేదు. శుక్రవారం ఆవిడ సంతకం పెట్టింది. శనివారం జూన్ టొలీడో నుంచి ట్రక్కు తెచ్చింది. కరుణమ్మా దైవాశీర్వాదమూ వెళ్ళి సామాను ఎక్కించారు. నాలుగు గంటలు పట్టింది. రత్నరాజు వెళ్ళలేదు; కరుణమ్మ వెళ్ళనివ్వలేదు.